బూటు దాచిన పాప: సైన్యంలో పనిచేసే తల్లి, రెండేళ్ల బిడ్డ

నేను పసిపిల్లల ప్రవర్తన మీద, ఇంట్లో పెద్దవాళ్లతో వాళ్లకుండే అనుబంధం మీద పనిచేస్తాను. ఈ కేసు రాయడానికి ఆ కుటుంబం ఒప్పుకుంది. గుర్తుపట్టే వీలున్న వివరాలు కొన్ని తీసేశాను, కొన్ని మార్చాను. తల్లి ఏ విభాగంలో పనిచేస్తుంది, ఎక్కడికి వెళ్లొచ్చింది అన్నవి ఇందులో ఉండవు. సైన్యంలో పనిచేసే తల్లిదండ్రులు నా దగ్గరికి వచ్చిన ప్రతిసారీ ఈ పాప నాకు గుర్తొస్తుంది. అందుకే రాస్తున్నాను.

నేపథ్యం

తల్లి సైన్యంలో ఉంది. తండ్రి ఇంటి నుంచే ఉద్యోగం చేస్తాడు. పాపకు 16 నెలలు ఉన్నప్పుడు తల్లికి 7 నెలల డ్యూటీ పడింది. కుటుంబాన్ని వెంట తీసుకెళ్లే వీలులేని చోటు. తోడుగా ఉండటానికి అమ్మమ్మ వచ్చింది.

బయల్దేరింది తెల్లవారుజామున. పాప నిద్రలో ఉంది. లేపితే ఏడుస్తుంది, ఆ ఏడుపు చూస్తే నువ్వు కదల్లేవు అని ఇంట్లో అందరూ అన్నారు. ఆమెకూ అదే నయమనిపించింది. నిద్రపోతున్న పాపకు ముద్దు పెట్టి వెళ్లిపోయింది.

తండ్రి చెప్పిన ప్రకారం మొదటి వారం పదిరోజులు పాప గది గదికీ తిరిగి వెతికింది. తలుపు చప్పుడైతే పరుగెత్తింది. ఆ తర్వాత మందకొడిగా అయిపోయింది, తిండి తగ్గింది. నెల దాటేసరికి మళ్లీ ఆడుకోవడం మొదలుపెట్టింది. "అలవాటు పడిపోయిందిలే" అని ఇంట్లోవాళ్లు ఊపిరి పీల్చుకున్నారు. పాప "అమ్మ?" అన్నప్పుడల్లా అమ్మమ్మ "రేపు వచ్చేస్తుంది నాన్నా" అనేది. సిగ్నల్ దొరికినప్పుడు వీడియో కాల్ వచ్చేది. ఏ వేళకు వస్తుందో, ఎప్పుడు కట్ అవుతుందో ఎవరికీ తెలియదు.

వచ్చిన సమస్య

తల్లి తిరిగొచ్చిన 8 వారాలకు నా దగ్గరికి వచ్చారు. అప్పటికి పాపకు 25 నెలలు. తల్లి ఎత్తుకోబోతే ఒళ్లు బిగించి వెనక్కి విరుచుకుంటోంది. ఆమె స్నానం చేయించినా, పడుకోబెట్టినా ఏడుపే. కొడుతోంది కూడా. రాత్రి మూడు నాలుగుసార్లు లేచి పక్కన ఎవరున్నారో తడిమి చూసుకుంటోంది. తండ్రి బాత్రూంలోకి వెళ్తే తలుపు బాదుతోంది. తల్లికి ఇప్పుడు డ్యూటీ దగ్గర్లోనే, కానీ పొద్దున్నే వెళ్లాలి. మూడుసార్లు బూట్లలో ఒకటి కనబడకుండా పోయింది. ఒకసారి వాషింగ్ మెషిన్‌లో దొరికింది, ఇంకోసారి దుప్పట్ల కింద.

ఇవన్నీ తండ్రి చెప్పాడు. తల్లి చెప్పింది రెండే విషయాలు. "నేను ఎదురుగా కూర్చుని ఉంటే పాప ఫోన్ చూపించి అమ్మ అంటుంది మేడం. మా అమ్మనేమో అమ్మా అని పిలుస్తోంది. మరి నేనెవర్ని?"

ఆ ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పలేదు. ముందు గదిలో పాపను చూడాలనుకున్నాను.

నేను చూసింది

మొదటి అరగంటా పాప తండ్రి ఒళ్లోంచి దిగలేదు. చెక్క దిమ్మలు ఇస్తే అక్కడే కూర్చుని పేర్చింది. ఐదో దిమ్మ పెట్టగానే మొత్తం కూలింది. తండ్రి ముఖంలోకి చూసింది. ఆ వెంటనే, రెప్పపాటు సేపు, తల్లి ముఖం వైపు చూసి కళ్లు తిప్పేసుకుంది. తల్లి అది గమనించలేదు. ఆ సమయంలో ఆమె నేలకేసి చూస్తోంది.

ఆ ఒక్క చూపు మీదే నా అంచనా నిలబడింది. మరిచిపోయిన మనిషి వైపు బిడ్డ అలా చూసి, అలా తిప్పుకోదు. 1950లలో జేమ్స్ రాబర్ట్‌సన్, జాన్ బౌల్బీ ఆసుపత్రుల్లో తల్లికి దూరంగా ఉంచిన పసిపిల్లలను గమనించి మూడు దశలు చెప్పారు. మొదట గొడవ చేస్తారు, తర్వాత దిగులు పడతారు, ఆ తర్వాత ఏమీ పట్టనట్టు ఉంటారు. మూడో దశను చూసే నర్సులు పిల్లలు సర్దుకున్నారనుకునేవారు. నిజానికి సర్దుకున్నట్టు కనిపించే ఆ పిల్లలే తల్లి రాగానే ముఖం తిప్పుకునేవారు. ఈ ఇంట్లో "అలవాటు పడిపోయిందిలే" అన్న మాట సరిగ్గా అక్కడిదే.

అయినా మిగతా కారణాలు లేవని తేల్చుకోకుండా ముందుకు వెళ్లకూడదు. పాప వినికిడి బాగానే ఉంది. యాభైకి పైగా మాటలు వచ్చు, రెండేసి మాటలు కలిపి చెబుతోంది. ఎదుగుదలలో తేడా ఏమీ కనబడలేదు. తల్లితో విడిగా మాట్లాడాను. రాత్రి నాలుగు గంటలకు మించి నిద్ర పట్టడం లేదంది. చిన్న చప్పుడుకే లేచి కూర్చుంటోంది. పీడకలలు, జరిగినవే మళ్లీ కళ్ల ముందు మెదలడం లాంటివి లేవంది. ఆ నిద్రలేమికి కారణం తేల్చాల్సింది నేను కాదు కాబట్టి వైద్యుడి దగ్గరికి పంపాను. పాప పని దానికోసం ఆగలేదు, రెండూ పక్కపక్కనే నడిచాయి. నిద్ర లేని మనిషికి పసిబిడ్డ తోసేసినప్పుడు ఓర్చుకునే శక్తి బాగా తగ్గిపోతుంది. ఆ మాట ఆమెకు చెప్పాను. తప్పు తన ప్రేమలో లేదని వినడం ఆమెకు అప్పుడు చాలా అవసరం.

"అమ్మా" అన్న పిలుపు సంగతి రెండో సెషన్‌లో తేలింది. ఆ రోజు అమ్మమ్మ కూడా వచ్చింది. తల్లి ఆమెతో "అమ్మా, ఆ సంచి ఇలా ఇవ్వు" అంది. పాప వెంటనే "అమ్మా, ఇవ్వు" అంది, అచ్చం అదే గొంతుతో. తల్లి వైపు తిరిగి "పాప ఎవరిలా మాట్లాడుతోందో విన్నారా?" అని అడిగాను. అంతకుముందు పాప అమ్మమ్మను "మమ్మ" అనేదట. తల్లి ఇంటికొచ్చి రోజంతా "అమ్మా, అమ్మా" అని పిలవడం మొదలుపెట్టాకే ఆ పిలుపు మారింది. తన చోటు పోయిందనడానికి రుజువుగా ఆమె పట్టుకున్న మాట అది. నిజానికి బిడ్డ ఆమెను అంత శ్రద్ధగా వింటోంది. ఆమె చాలాసేపు ఏడ్చింది. ఆ సెషన్‌లో ఇంకేమీ చేయలేదు, చేయాల్సిన అవసరమూ లేదనిపించింది.

నా దగ్గరికి రాకముందు చేసినవి

రెండు ప్రయత్నాలు చేశారు, రెండూ మంచి మనసుతోనే. మొదటిది: తల్లికి దగ్గర కావాలంటే మిగతావాళ్లు తప్పుకోవాలని తండ్రి, అమ్మమ్మ రెండు రోజులు బంధువుల ఇంటికి వెళ్లిపోయారు. పాప మొదటి రాత్రి గొంతు బొంగురు పోయేదాకా ఏడ్చింది. తర్వాత రోజంతా తలుపు దగ్గరే కూర్చుంది. ఇది పనిచేయకపోవడానికి కారణం పాప వైపు నుంచి చూస్తే తెలుస్తుంది. ఒక మనిషి రాత్రికి రాత్రి మాయమైంది. ఆ మనిషి తిరిగొచ్చిన కొద్ది రోజులకే మిగతా ఇద్దరూ మాయమయ్యారు. అమ్మ వస్తే మిగతావాళ్లు పోతారని ఆ రెండు రోజులు పాపకు నేర్పాయి. తండ్రి బాత్రూం తలుపు బాదడం మొదలైంది ఆ తర్వాతే.

రెండోది బొమ్మలు, షికార్లు. అవి పాపకు నచ్చాయి. బొమ్మ తీసుకుని తండ్రి దగ్గరికి పరుగెత్తేది, అంతే.

పగలు అమ్మ, రాత్రి కాపలా

మొదట దేనితో మొదలుపెట్టాలన్నది నాకు పెద్ద ప్రశ్న అయింది. తల్లి కోరిక పాప తనను దగ్గరికి రానివ్వడం. నాకు మాత్రం పొద్దుటి వెళ్లడాన్ని ముందు సరిచేయాలనిపించింది. ఎందుకంటే ఇప్పటికీ ఆమె పాప లేవకముందే వెళ్లిపోతోంది. అంటే 9 నెలల కిందట జరిగిందే రోజూ చిన్నగా మళ్లీ జరుగుతోంది. అది ఆగకుండా సాయంత్రం ఎంత ఆడుకున్నా నిలవదు.

ఇది తల్లికి చెప్పడానికి నాకు దొరికిన మాట ఆమె వృత్తిలోదే. పాప రాత్రి నాలుగుసార్లు లేచి తడుముకోవడం గురించి "పాప కాపలా కాస్తోంది" అన్నాను. ఎవరు ఎప్పుడు వెళ్లిపోతారో చెప్పేవాళ్లు లేరు కాబట్టి తనే మేలుకుని చూసుకోవాలి. ఆ డ్యూటీ దించాలంటే, వెళ్లే ముందు చెబుతారన్న నమ్మకం కలగాలి. కాపలా అంటే ఏమిటో ఆమెకు నేను వివరించనక్కర్లేదు. "ఆ డ్యూటీ చేసిన మర్నాడు మనిషి ఎలా ఉంటుందో నాకు తెలుసు మేడం" అంది. ఒకటి నుంచి రెండేళ్ల పిల్లలకు పగటి కునుకుతో కలిపి రోజుకు 11 నుంచి 14 గంటల నిద్ర కావాలి. ఈ పాపకు తొమ్మిదిన్నర కూడా అందడం లేదు. పగటి చిరాకులో, కొట్టడంలో కొంత భాగం దానిదే.

బూటు దాచినందుకు తిట్టొద్దని చెప్పాను. అది అల్లరి అని ఇంట్లో అనుకున్నారు. నాకది పాప అన్న అతి స్పష్టమైన మాటలా కనబడింది: ఈ బూటు ఉంటేనే నువ్వు వెళ్తావు, కాబట్టి బూటు ఉండకూడదు. అమ్మ వెళ్లడం ఇష్టం లేని బిడ్డ అమ్మను వద్దనుకుంటోందని ఎలా అంటాం?

కాబట్టి బూట్లతోనే మొదలుపెట్టాం. బయల్దేరడానికి పది నిమిషాల ముందు పాపను లేపాలి. బూట్లు పాప కళ్లెదురుగానే వేసుకోవాలి, పాప తెచ్చిస్తే మరీ మంచిది. రోజూ అవే మాటలు: "అమ్మ డ్యూటీకి వెళ్తోంది. నాన్న ఇక్కడే ఉంటాడు. చీకటి పడేలోపు అమ్మ వస్తుంది." ఆ తర్వాత ఆగకూడదు, వెనక్కి రాకూడదు. ఆలస్యమయ్యేలా ఉన్న రోజు "చీకటి పడేలోపు" అనకూడదు, "నువ్వు నిద్రపోయాక వస్తుంది" అనాలి. "రేపు" అన్న మాట పూర్తిగా మానేయమన్నాను. ఆ వయసు బిడ్డకు రేపు అంటే ఎప్పుడో తెలియదు. తెలిసినంత మేరకు, ఈ ఇంట్లో రేపు అంటే ఎప్పటికీ రాని రోజు. చీకటి పడటం, నిద్రపోవడం తను చూసేవి, చేసేవి.

ఏడుస్తుందని ముందే చెప్పాను. ఆ ఏడుపును ఓడిపోయిన గుర్తుగా తీసుకోవద్దని గట్టిగా చెప్పాను. మొదటి రోజు ఇరవై నిమిషాలకు పైగా ఏడ్చింది. నాలుగో రోజు తండ్రి ఫోన్ చేసి, మానేద్దామా, పొద్దున్నే చూడలేకపోతున్నాను అన్నాడు. ఇంకో వారం ఆగమన్నాను. నా లెక్క ఇది: చూసి ఏడ్చే బిడ్డను ఎత్తుకుని ఊరుకోబెట్టేవాళ్లు పక్కనే ఉన్నారు. నిద్ర లేచి వెతుక్కునే బిడ్డ దిగులు ఎవరికీ వినబడదు, కాబట్టి ఎవరూ ఊరుకోబెట్టరు. మూడో వారానికి ఏడుపు రెండు మూడు నిమిషాలకు వచ్చింది. రాత్రి మెలకువ కూడా ఒకసారికి తగ్గింది. బూటు మళ్లీ పోలేదు.

ఎవరిదీ కాని పని

దీంతోపాటే సాయంత్రం పదిహేను నిమిషాలు. ఇక్కడ తల్లికి, నాకు కొంచెం వాదన జరిగింది. స్నానం, తిండి, పడుకోబెట్టడం వెంటనే తన చేతికి రావాలని ఆమె పట్టు. తల్లి చేయాల్సినవి అవేగా అంటుంది. నేను ఒప్పుకోలేదు. బిడ్డకు అలసట, ఆకలి ఉన్న వేళలవి. ఆ వేళల్లో బాగా అలవాటైన చేతులే కావాలనుకుంటుంది. అక్కడ చేతులు మార్చడం అన్నిటికంటే కష్టం. ఇంతవరకూ ఇంట్లో ఎవరూ పాపతో చేయని కొత్త పని ఒకటి వెతుకుదాం అన్నాను. అక్కడ ఎవరి స్థానం నుంచీ ఎవరూ తప్పుకోనక్కర్లేదు. తొట్టెలో నీళ్లు పోసి బొమ్మలు కడగడం అనుకున్నాం.

నేల మీద పాప పక్కన కూర్చోవాలి, ఎదురుగా కాదు. ఎత్తుకోకూడదు, ముద్దు అడగకూడదు, ప్రశ్నలు వేయకూడదు. పాప ఏం చేస్తే అది చెప్పాలి, పాప ఏదిస్తే అది తీసుకోవాలి. తండ్రి కనబడేంత దూరంలో ఉండాలి. ఇది తేలిక అనుకుంటారు. రోజంతా ఆదేశాలు ఇచ్చే, తీసుకునే మనిషికి ఇది చాలా కష్టం. మొదటి వీడియోలో ఆమె పదిహేను నిమిషాల్లో "అలా కాదు, ఇలా" అని పదకొండుసార్లు అంది. ఇద్దరం కలిసి చూసి లెక్కపెట్టాం. రెండో వారం వీడియోలో రెండుసార్లే.

ఆ రెండో వారంలోనే పాప తడి స్పాంజి తల్లి చేతి మీద పిండి, చొక్కా చెయ్యి మోచేతి దాకా తడిసిపోతుంటే నవ్వింది. తల్లి చెయ్యి కదపకుండా అలాగే ఉంచింది. పాప మళ్లీ ముంచి, మళ్లీ పిండింది. ఈసారి తల్లి ముఖంలోకి చూస్తూ పిండింది.

ఐదో వారంలో పాప వేలు సొరుగులో పడింది. ఏడుస్తూ తండ్రి గది వైపు నడిచింది. దారిలో తల్లి ఉంది. ఆగింది. ఇద్దరి వైపూ చూసింది. తర్వాత ముఖం పక్కకు తిప్పుకునే, వేలు మాత్రం తల్లి ముందుకు చాపింది. తల్లి ఏమీ అనకుండా ఊదింది. ఇది చెప్పడానికి ఆమె డ్యూటీ మధ్యలో నాకు ఫోన్ చేసింది.

ఆ ఫోన్‌లోనే ఇంకో మాట కూడా అంది: దూరంగా ఉన్నప్పుడు ఇంటికి చేరితే చాలనుకున్నాను, వచ్చాకే అసలు కష్టం మొదలవుతుందని ఎవరూ చెప్పలేదు అని. నావికుల కుటుంబాలను చూసి కాథ్లీన్ లోగన్ 1987లో ఈ ఎడబాటును ఏడు దశలుగా రాసింది. అందులో చివరి రెండూ మనిషి ఇంటికి చేరాకే జరిగేవి. ఆ ముక్క బయల్దేరే ముందే ఈ కుటుంబానికి ఎవరైనా చెప్పి ఉంటే, మొదటి 8 వారాలు ఇంత నలిగేవారు కాదు.

నేను తప్పు వేసిన అంచనా

రెండో నెల చివర్లో తల్లిని మూడు వారాల శిక్షణకు పంపారు. అప్పటికి అంతా బాగా సాగుతోంది కాబట్టి నాకూ ధైర్యం ఎక్కువైంది. చెప్పి వెళ్లడం బాగానే జరిగింది. వీడియో కాల్‌కు రోజూ ఒకే వేళ ఉండాలని, పడుకునే ముందు పెట్టించాను. నిద్రకు ముందు అమ్మ గొంతు వింటే నెమ్మదిస్తుందనుకున్నాను.

నాలుగు రాత్రులు పాప పదకొండు దాకా నిద్రపోలేదు. కాల్ అయిపోగానే ఫోన్ తిప్పి వెనక వైపు చూసేది, అమ్మ అక్కడుందేమోనని. రోజంతటిలో పాపకు ఓపిక అతి తక్కువగా ఉండే వేళలో అమ్మను చూపించి లాగేసుకుంటున్నాం. నేను ముందే ఆలోచించాల్సింది.

కాల్‌ను మధ్యాహ్నం కునుకు అయ్యాక, పాప హుషారుగా ఉండే వేళకు మార్చాం. ఐదారు నిమిషాలు చాలన్నాను. "అమ్మకు హాయ్ చెప్పు, పాట పాడు" అని అడిగించడం మానిపించాను. స్పాంజి రెండు ముక్కలు చేశాం, ఒకటి తల్లి దగ్గర, ఒకటి పాప దగ్గర. తల్లి అక్కడ పిండితే పాప ఇక్కడ పిండుతుంది. తల్లి చక్కిలిగింత అంటే తండ్రి చేతులు పాపకు చక్కిలిగింతలు పెడతాయి. అమ్మ మాట తెరలోంచి, అమ్మ చెయ్యి నాన్న ద్వారా.

ఇలా ఎంచుకోవడానికి ఒక ఆధారం ఉంది. 2014లో సారా రోజ్‌బెరీ, ఆమె సహచరులు 24 నుంచి 30 నెలల పిల్లలతో చేసిన ప్రయోగంలో, ఎదుటి మనిషి అప్పటికప్పుడు బదులిచ్చే వీడియో కాల్ ద్వారా పిల్లలు కొత్త మాటలు నేర్చుకున్నారు. రికార్డు చేసిన వీడియోతో నేర్చుకోలేదు. బిడ్డ చేసినదానికి అవతల నుంచి బదులు రావడమే అసలు విషయం. తల్లి ముందే రికార్డు చేసి ఇచ్చిన కథల వీడియోలతో కూడా అదే చూశాం. పాప వీడియోను ఏదో అడిగేది, జవాబు రాక విసిరికొట్టేది. వాటిని పక్కన పెట్టేశాం.

మూడు వారాలయ్యాక తల్లి తలుపు తీసుకుని వచ్చింది. పాప తండ్రి వెనక దాక్కుంది. ఈసారి తల్లి ఎత్తుకోబోలేదు. గుమ్మం దగ్గరే కూర్చుని, సంచిలోంచి తన స్పాంజి ముక్క తీసి నేల మీద పెట్టింది. పాప లోపలికి వెళ్లి తన ముక్క తెచ్చుకుంది. మొత్తం పావుగంట పట్టింది. ఆ రాత్రి ఫోన్ చూపించి "అమ్మ లేదు" అందట.

అమ్మమ్మ

ఈ కేసులో నన్ను ఇప్పటికీ బాధపెట్టేది ఈ చివరి భాగం. పాప కుదుటపడింది. తల్లి స్నానం చేయిస్తోంది, వారంలో నాలుగు రాత్రులు పడుకోబెడుతోంది. తల్లి నిద్ర కూడా వైద్యుడి సాయంతో మెరుగుపడింది. ఇంక నా అవసరం లేదుగా అని అమ్మమ్మ తన ఊరికి బయల్దేరింది. మధ్యాహ్నం, పాప కునుకులో ఉన్నప్పుడు. లేపితే ఏడుస్తుందని.

పది రోజుల తర్వాత తండ్రి ఫోన్ చేశాడు. పాప మళ్లీ రాత్రుళ్లు లేస్తోంది, పొద్దున్నే అన్ని గదులూ తిరుగుతోంది.

నాలుగు నెలల పాటు వెళ్లేముందు చెప్పడం గురించి తల్లికి, తండ్రికి అన్నీ చెప్పాను. అమ్మమ్మకు చెప్పలేదు. వెళ్లే మనిషి అంటే యూనిఫాం వేసుకునే మనిషే అన్నట్టు ఆలోచించాను. పాపకు యూనిఫాంతో పనిలేదు. ఏడాదికి పైగా తనను చూసుకున్న మనిషి అమ్మమ్మ. పైగా ఆమె మనసు సంగతి నేను ఒక్కసారి కూడా అడగలేదు. పాప తల్లికి దగ్గరవుతున్న కొద్దీ ఆమె ఏం కోల్పోతోందో గదిలో కూర్చుని చూస్తూ కూడా పట్టించుకోలేదు. సైన్యంలో ఉన్నవాళ్ల ఇళ్లలో ఇలా వచ్చి, చేసి, చెప్పకుండా తప్పుకునే పెద్దవాళ్లు ఎంతోమంది. ఇప్పుడు మొదటి సెషన్‌కే వాళ్లనూ రమ్మంటున్నాను. వాళ్లు ఎప్పుడు, ఎలా వెళ్తారో కూడా అప్పుడే మాట్లాడుతున్నాను.

అమ్మమ్మకు నేనే ఫోన్ చేశాను. మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోయింది. "అది ఏడిస్తే నేను వెళ్లలేనమ్మా, అందుకే" అంది. తల్లి ఆ తెల్లవారుజామున చేసినదీ ఇందుకే. రెండు వారాల తర్వాత మూడు రోజులుండేలా మళ్లీ రమ్మన్నాం. మూడో రోజు పాప మెలకువగా ఉండగా చెప్పులు వేసుకుని, "అమ్మమ్మ ఊరికి వెళ్తోంది, నువ్వు నిద్ర లేచాక ఫోన్‌లో మాట్లాడుతుంది" అని చెప్పి వెళ్లింది. పాప గేటు దాకా ఏడుస్తూ వచ్చింది. ఎత్తుకుని లోపలికి తీసుకొచ్చింది తల్లి. ఆ రాత్రి పాప రెండుసార్లు లేచింది, ఆ వారం చివరికి ఒకసారి.